అప్‌డేట్: ఏ320 కిట్‌తో ఏ319

1/144 స్కేలు (అసలు కొలతలో 144వ వంతు) ఎయిర్‌బస్ ఏ320 ప్లాస్టిక్ నమూనా విమానం కిట్‌ను, దాని పొట్టి రూపమైన ఏ319గా మార్చాలంటే బాడీని ఎక్కడ కోయాలని ఇదివరకు అడిగాను. రెక్కకు ముందూ వెనుకా కోయమన్న మీ సలహానే పాటించాను. అసలు విమానంలో 533 మిల్లీమీటర్ల ఎడం గల ఏడు ఫ్రేములు (బాడీకి ఆకారమిచ్చే చట్రపు వలయాలు) తగ్గి పొడవు 37.57 నుంచి 33.84 మీటర్లకు దిగింది కనుక, కిట్‌లో మొత్తం 26 మిల్లీమీటర్లు తీసేస్తే సరిపోయింది. చుట్టూ టేపు అంటించి, దాని అంచు వెంబడే సన్నని రంపాన్ని నడిపించడం వల్ల కోత వంకర పోలేదు. అయినా అతుకుల లోపల ప్లాస్టిక్ పట్టీలు అంటించాక గానీ ముక్కు, తోక ఒకే వరుసలోకి రాలేదు. రెక్కల మీది అత్యవసర ద్వారాల్లో పక్కకొకటి చొప్పున పుట్టీతో పూడ్చాను (కొన్ని సంస్థల ఏ319లకు నాలుగూ ఉంటాయి, నేను చేస్తున్నది అది కాదు). నిలువు తోకను ముట్టుకోలేదు, ఎత్తు పెరిగింది ఇంకా పొట్టిదైన ఏ318కే. ఇప్పుడు ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) ఆరుతోంది; కిటికీలకు డెకాల్ (అంటించే అచ్చు బొమ్మ) వాడటమే మేలనిపిస్తోంది.