క్రైమ్ సిరీస్‌లలో హీరో కంటే పక్కనున్న ఎస్సైలే ఎందుకు గుర్తుండిపోతారు? మీ ఫేవరెట్ క్యారెక్టర్ ఎవరు?

నైట్‌షిఫ్ట్_శీను:

అందరికీ నమస్తే. చాలా రోజుల్నుంచి అడుగుదాం అనుకుంటున్నా. నేను క్రైమ్ సిరీస్‌లు తెగ చూస్తా, ఏ భాషదైనా పర్లేదు, సబ్‌టైటిల్స్ ఉంటే చాలు. ఈ మధ్య ఒకటి గమనించా, చూసి ఆర్నెల్లయ్యాక హంతకుడు ఎవడు, ఎందుకు చంపాడు అన్నది మర్చిపోతున్నా గానీ అందులో ఒకళ్లిద్దరు మనుషులు మాత్రం బుర్రలోంచి పోవట్లేదు. వాళ్లేమో పోస్టర్ మీద పెద్దగా కనపడే హీరోలు కాదు, పక్కన ఫైలు పట్టుకుని నిలబడే ఎస్సైయో, కానిస్టేబులో, స్టేషన్‌లో ఏళ్ల తరబడి పడి ఉన్న పెద్దాయనో.

నా నంబర్ వన్ పాతాళ్ లోక్‌లో ఇమ్రాన్ అన్సారీ. 2020 మేలో లాక్‌డౌన్ టైమ్‌లో వచ్చింది కదా, అందరూ ఇళ్లలోనే ఉన్నారు కాబట్టి ఇక్కడ చాలామంది చూసే ఉంటారు. ఇన్‌స్పెక్టర్ హాథీరామ్‌గా జైదీప్ అహ్లావత్ నటన గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు, దండం పెట్టాలి అంతే. కానీ ఆ తొమ్మిది ఎపిసోడ్లూ నా కళ్లు అన్సారీ మీదే ఉన్నాయి. ఢిల్లీలో ఔటర్ జమునా పార్ స్టేషన్, పనికిమాలిన కేసులు తప్ప ఏవీ రాని స్టేషన్ అది, అక్కడ డ్యూటీ చేస్తూ సివిల్స్‌కి చదువుతుంటాడు. చుట్టూ ఉన్న వాళ్లు ముస్లింల గురించి నోటికొచ్చింది అంటుంటారు, ఎదురుగా ఇతను ఉన్నాడన్న ధ్యాస కూడా ఉండదు. ఇతను తిరిగి ఒక్క మాట అనడు. ఆ పాత్ర చేసిన ఇశ్వక్ సింగ్ ఏం చేస్తాడంటే ఒక్క క్షణం చూపు పక్కకి తిప్పి మళ్లీ పనిలో పడతాడు. ఆ ఒక్క క్షణం కోసం నేను కొన్ని సీన్లు వెనక్కి జరుపుకుని మళ్లీ చూశా. భారీ డైలాగ్ పెట్టుంటే చప్పట్లు కొట్టి మర్చిపోయేవాణ్ణేమో.

అదే కథలో కబీర్ ఎం అనే నిందితుడు ఉంటాడు. పెద్ద కొడుకుని గుంపు కొట్టి చంపేశాక ఆ తండ్రి భయంతో వీణ్ణి ముస్లిం అని కూడా తెలియకుండా పెంచుతాడు, దానికోసం సున్తీ వైద్య కారణంతో చేసిందే అనే ఒక డాక్టర్ సర్టిఫికెట్ కూడా కబీర్ తన దగ్గర పెట్టుకుని తిరుగుతుంటాడు పాపం. చివరికి వాణ్ణే పెద్ద ఏజెన్సీ వచ్చి ఉగ్రవాది అని టీవీలో చూపిస్తుంది. ఈ కథ మొత్తం అన్సారీ పక్కనుండి చూస్తుంటాడు చూడండి, అతను అక్కడ లేకపోతే ఆ ట్రాక్ అంత బరువుగా ఉండేది కాదని నా అభిప్రాయం.

మీకూ ఇలాంటి వాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎందుకు నచ్చారో కూడా రాయండి, ఊరికే పేరు రాసి వెళ్లిపోకండి ప్లీజ్. స్పాయిలర్లుంటే ముందే చెప్పండి.

మేరీల్యాండ్_మురళి:

శీను గారూ, మీరు ద వైర్ చూశారో లేదో గానీ ఈ ప్రశ్న అందులో డిటెక్టివ్ లెస్టర్ ఫ్రీమన్ కోసమే అడిగినట్టుంది. నేను ఉండేది అమెరికాలో బాల్టిమోర్‌కి దగ్గర్లో, ఆ సిరీస్ మొత్తం ఆ ఊరి మీదే, 2002 నుంచి 2008 దాకా ఐదు సీజన్లు, 60 ఎపిసోడ్లు.

మొదట్లో లెస్టర్‌ని ఎవరూ పట్టించుకోరు, మనమూ పట్టించుకోం. ఒక డ్రగ్స్ గ్యాంగ్‌ని పట్టుకోవడానికి టీమ్ ఇవ్వమంటే పై ఆఫీసర్లు తమకి పనికిరారు అనుకున్న వాళ్లందర్నీ ఏరి పంపిస్తారు, అందులో ఈయనొకడు. మూల కూర్చుని బొమ్మరింట్లో పెట్టే చిట్టి చిట్టి కుర్చీలూ బల్లలూ చెక్కి రంగు వేసుకుంటుంటాడు, కళ్లజోడు ముక్కు మీదకి జారి ఉంటుంది. ఇంతలో విషయం ఏంటంటే గ్యాంగ్ లీడర్ ఏవన్ బార్క్స్‌డేల్ మొహం ఎలా ఉంటుందో పోలీసుల్లో ఒక్కడికీ తెలీదు, ఒకతను తెచ్చిన ఫోటో కూడా వేరే మనిషిది. వాడు ఒకప్పుడు బాక్సింగ్ చేసేవాడన్న మాట లెస్టర్ చెవిన పడుతుంది. ఎవరితోనూ ఏమీ చెప్పకుండా వెళ్లి పాత బాక్సింగ్ పోటీల పోస్టర్ ఒకటి పట్టుకొచ్చి ముందు పెడతాడు. అందులో వాడి మొహం. ఆ తర్వాత రైడ్ చేసిన ఇంట్లో మిగతావాళ్లు సరుకు దొరకలేదని తిట్టుకుంటూ తిరుగుతుంటే ఈయన గోడ మీద గీసి ఉన్న పేజర్ నంబర్ రాసుకుని వస్తాడు. కేసు మొత్తం అక్కణ్ణుంచే కదులుతుంది.

ఇంత పనిమంతుణ్ణి 13 ఏళ్లు తాకట్టు షాపుల విభాగంలో పడేశారు, కారణం ఒక పలుకుబడి ఉన్న వాళ్ల మనిషిని వదలకుండా కేసులోకి లాగడం. మా నాన్న తాలూకు ఆఫీసులో ఇలాంటి పెద్దాయనొకరు ఉండేవారు, పేరు రాయను, నిజాయితీగా ఒక ఫైలు మీద సంతకం పెట్టనన్నందుకు రిటైర్ అయ్యేదాకా స్టోర్‌రూమ్‌లోనే ఉంచారు. అందుకే క్లార్క్ పీటర్స్ ఆ పాత్రలో కనపడగానే నాకు మనసు అదోలా అయిపోతుంది.

ఇంకోటి, లెస్టర్ డ్రగ్స్ వెంట కాదు డబ్బు వెంట పడమంటాడు. డబ్బు వెంట పడితే దారి రాజకీయ నాయకుల ఇళ్లకి వెళ్తుంది, అక్కడికి వెళ్లేసరికి పైవాళ్లు కేసు ఆపెయ్యమంటారు. ఇదంత నిజంలా ఎందుకుంటుందంటే రాసినవాళ్లలో ఎడ్ బర్న్స్ బాల్టిమోర్ పోలీసుల్లో డిటెక్టివ్‌గా పనిచేసినాయన, డేవిడ్ సైమన్ అదే ఊళ్లో పేపర్ రిపోర్టర్. మొదటి నాలుగు ఎపిసోడ్లు నెమ్మదిగా ఉంటాయి, పేర్లు కూడా కన్ఫ్యూజ్ అవుతాయి, ఓపిక పట్టండి.

పాతసీరియల్స్_ప్రసాద్:

నేను కొంచెం అడ్డం తిరుగుతా ఏమనుకోకండి. పక్కనోళ్లే గొప్ప అంటే పాత అమెరికన్ సీరియల్ కొలంబోలో డిటెక్టివ్ కొలంబోని ఏం చేద్దాం? ఆయన పక్కన రెగ్యులర్‌గా ఎవరూ ఉండరు కదా. అయినా యాభై ఏళ్ల కింద వచ్చిన ఎపిసోడ్లు ఇప్పటికీ నేను కూర్చున్న చోటు నుంచి లేవకుండా చూస్తా.

చూడనివాళ్ల కోసం, ఇందులో హత్య ఎవరు చేశారో మొదటి పావుగంటలోనే చూపించేస్తారు. చేసేవాళ్లంతా లాస్ ఏంజెలెస్‌లో డబ్బున్న మారాజులు, డాక్టర్లు, రచయితలు, కళాకారులు. ఆ తర్వాత నలిగిపోయిన రెయిన్‌కోటు వేసుకుని, చేతిలో చుట్టతో, డొక్కు ప్యూజో 403 కారులో ఈయన దిగుతాడు. ఆ కోటు ఆ పాత్ర చేసిన పీటర్ ఫాక్ సొంతదే. ఫాక్‌కి చిన్నప్పుడే కుడి కన్ను పోయింది, గాజు కన్ను, ఆ చూపులో ఉండే అయోమయం పాత్రకి అలా అతికిపోయింది. తుపాకీ పట్టుకుని తిరగడు. మాటిమాటికీ మా ఆవిడ మా ఆవిడ అంటాడు గానీ ఆవిడ ఒక్కసారి కూడా తెర మీద కనపడదు.

ఇప్పుడు అసలు పాయింట్‌కి వస్తా. ఆ హంతకులు ఈయన్ని చూసే చూపు చూడండి, డిటెక్టివ్‌ని చూసినట్టు ఉండదు, ఎవరో గుమాస్తా వచ్చి సంతకం కోసం నిలబడినట్టు చూస్తారు. సోఫాలో కూర్చోమని కూడా అనరు కొన్నిసార్లు. ఈయన దానికి బాధపడడు, దాన్నే వాడుకుంటాడు. వెళ్లిపోతున్నట్టు గుమ్మం దాకా వెళ్లి, తల గోక్కుంటూ వెనక్కి తిరిగి ఇంకో చిన్న డౌటు సార్ అంటాడు, అప్పుడు ఆ పెద్దమనిషి మొహంలో రంగు మారుతుంది. నా లెక్కలో కొలంబో కూడా పక్కనోడే, కథలో మెయిన్ సీటు ఇచ్చారంతే. 1971లో సిరీస్‌గా మొదలైనప్పుడు మొదటి ఎపిసోడ్ తీసింది స్పీల్‌బర్గ్, అప్పటికి ఇంకా కుర్రాడు. ముందు అది చూడండి.

ఓరుగల్లు_స్వప్న:

నాకైతే ఢిల్లీ క్రైమ్‌ల భూపేంద్ర, నీతీ సింగ్. కేసు నడిపే డీసీపీ వర్తికా మేడమ్ అందరికీ నచ్చుతది, షెఫాలీ షా కండ్లతోనే సగం యాక్టింగ్ చేసింది, ఆ సిరీస్‌కు 2020ల ఇంటర్నేషనల్ ఎమ్మీ వచ్చినప్పుడు మా హాస్టల్ల మేమంతా ఎగిరినం. కానీ దాని మొదటి సీజన్ 2012 డిసెంబర్ నిర్భయ కేసు మీద, ఆ కేసు అంటే మా అందరికీ ఇంకా మనసుల పచ్చిగనే ఉంది, అందుకే ఆ సిరీస్ వచ్చిన కొత్తల నేను చూడలే, చూడబుద్ధి కాలే. తర్వాత మా అక్క చెప్పింది, దాడి సీన్ అసలు చూపియ్యలేదే, పట్టుకునుడు మీదనే ఉంటది చూడు అని. అప్పుడు చూసిన.

నీతి అంటే అప్పుడే ట్రైనింగ్‌ల ఉన్న చిన్న పిల్ల. ఆమెను దవాఖానల ఆ అమ్మాయి దగ్గర కూసోబెడ్తరు. చేజింగులు లెవ్వు, ఇంటరాగేషన్లు లెవ్వు, పక్కన ఉండుడు, అమ్మానాన్నలకు సమాధానం చెప్పుడు, గంతే డ్యూటీ. రసికా దుగల్ మొహం చూస్తుంటే రోజురోజుకు ఆమె లోపల ఏదో పెద్దదైపోతున్నట్టు అనిపిస్తది. ఇగ భూపేంద్ర సార్ ఒకదిక్కు బిడ్డకు సంబంధం చూసుకుంట ఇంకోదిక్కు నిద్ర లేకుండ ఊర్లు తిరుగుతుంటడు. సీసీటీవీల ఆ తెల్ల బస్సు కోసం వెతికేది ఉంటది చూడుండ్రి, వందల బస్సులు పోతనే ఉంటయ్, కండ్లు ఎర్రగైతయ్, ఆఖరికి బస్సు మీద రాసున్న పేరు పట్టుకుంటరు. అసలు కేసుల కూడ బస్సును గట్లనే పట్టుకున్నరు. గా సీన్ల నాకు పోలీసు పని అంటే ఏందో అర్థమైంది.

ఒక్క మాట మాత్రం చెప్పాలె. ఆ సిరీస్ పోలీసుల దిక్కు కొంచెం ఎక్కువనే మొగ్గింది. బయట రోడ్ల మీద కొట్లాడిన ఆడపిల్లల కోపాన్ని వీళ్ల పనికి అడ్డం వచ్చినట్టు చూపిచ్చిన్రు కొన్ని చోట్ల, అది నాకు నచ్చలే. ఆ కోపం లేకపోతే చట్టం మారేదా? నీతి అంటే ఎంత ఇష్టమున్నా ఇది చెప్పకుంట ఉండలేను.

అభిజీత్_వీరాభిమాని:

అందరూ ఓటీటీలే రాస్తున్నారు, సీఐడీ ఎక్కడ బ్రో? 1998 నుంచి 2018 దాకా 1547 ఎపిసోడ్లు, మళ్లీ 2024 డిసెంబర్‌లో మొదలైంది. మా ఇంట్లో హిందీ ఎవరికీ రాదు, అయినా రాత్రి ఆ మ్యూజిక్ వస్తే అన్నం కంచాలతో టీవీ ముందుకి చేరేవాళ్లం, నాకు వచ్చిన హిందీ అంతా ఏసీపీ ప్రద్యుమన్, డాక్టర్ సాలుంఖే లాబ్‌లో పోట్లాడుకునే సీన్లలోంచి వచ్చిందే. దయా తలుపులు పగలగొట్టడం గురించి అందరూ మాట్లాడతారు, నాకు మాత్రం ఫ్రెడ్రిక్స్. శవం పక్కన కూడా ఒక అమాయకమైన మాట అనేసి చిన్నపిల్లల భయం పోగొట్టేవాడు, మా చెల్లి ఆయన ఉన్నాడనే ధైర్యంతోనే ఆ సీరియల్ చూసేది. దినేష్ ఫడ్నిస్ గారు 2023 డిసెంబర్‌లో పోయారని తెలిసినప్పుడు చెల్లి ఫోన్ చేసి ఏడ్చింది. కొత్త సీజన్‌లో ఆయన లేని లోటు నాకు ప్రతి ఎపిసోడ్‌లో తెలుస్తోంది.

నైట్‌షిఫ్ట్_శీను:

ఇన్ని మంచి రిప్లైలు వస్తాయని అనుకోలేదు, థాంక్స్ అందరికీ. స్వప్న గారూ మీరు చెప్పింది నిజమే, పోలీసుల వైపు నుంచి చెప్పే కథల్లో ఈ చిక్కు ఎప్పుడూ ఉంటుంది. పాతాళ్ లోక్ నాకు ఎక్కువ నచ్చడానికి కారణం కూడా అదే అనుకుంటా, స్టేషన్ లోపలున్న కుళ్లు దాచిపెట్టదు, హాథీరామ్ చెయ్యి చేసుకోవడాన్ని హీరోయిజంలా చూపించదు.

మురళి గారూ వైర్ నేను మొదలుపెట్టి రెండు ఎపిసోడ్లకి వదిలేశా, పోస్టర్ సీన్ దాకా కూడా రాలేదన్నమాట. ఈ వీకెండ్ మళ్లీ మొదలెడతా.

ఇక్కడి నుంచి పాతాళ్ లోక్ రెండో సీజన్ స్పాయిలర్, చూడనోళ్లు ఈ పేరా వదిలెయ్యండి.

2025 జనవరిలో వచ్చిన రెండో సీజన్‌లో అన్సారీ ఐపీఎస్ అయ్యి వస్తాడు, హాథీరామ్ అదే ఇన్‌స్పెక్టర్‌గా ఉంటాడు. నిన్నటిదాకా తన కింద పనిచేసిన కుర్రాడు ఇప్పుడు పై ఆఫీసర్, మామూలుగా మన సినిమాల్లో అయితే అక్కడ ఈర్ష్య, అవమానం, గొడవ పెడతారు. ఇక్కడ అదేం లేదు. హాథీరామ్‌కి కొంచెం ఇబ్బంది ఉంటుంది, ఎలా పిలవాలో తెలీని ఇబ్బంది, దాని వెనకే కొడుకు పైకొచ్చినప్పుడు తండ్రికుండే గర్వం కూడా ఉంటుంది. తీరా ఇద్దరూ నాగాలాండ్ వెళ్లాక కథ సగంలో అన్సారీని చంపేశారు. నేను అక్కడ ఆపేసి ఆ రోజు ఇంక చూడలేదు. సుదీప్ శర్మ అలా ఎందుకు రాశాడా అని కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. కథకి అవసరమే అని కొందరు అంటారు, హాథీరామ్‌ని కదిలించడానికి అంటారు. అంత కష్టపడి చదివి పైకొచ్చినవాణ్ణి ఇంకొకళ్లని కదిలించడానికి వాడుకోవడం నాకు అన్యాయం అనిపించింది.

ఓరుగల్లు_స్వప్న:

కథకు అవసరమా కాదా అంటే నేను అవసరం లేదనే అంట. అదే తమిళ సిరీస్ సుడల్‌ల రెజీనాను చూడుండ్రి, శ్రియా రెడ్డి చేసింది. ఇది కూడ స్పాయిలరే, చూడనోళ్లు ఆగుండ్రి. ఊర్ల సిమెంట్ ఫ్యాక్టరీ కాలిపోయిన రాత్రే ఒక పిల్ల మాయమైతది, వెతికే ఇన్‌స్పెక్టర్ రెజీనా, తీరా చూస్తే ఆమె కొడుకు కూడ ఆ పిల్లతోనే పోయిండని తెలుస్తది. కొడుకు చచ్చిపోయిన్నాడు కూడ ఆమె కథ ఆమెదే, వేరేటోళ్ల కోసం ఏడ్చే పాత్ర లెక్క చెయ్యలే. అన్సారీకి గా మర్యాద దక్కలే అన్నదే నా బాధ.

పాతసీరియల్స్_ప్రసాద్:

స్వప్న గారు చెప్పినదాంతో ఏకీభవిస్తున్నా. శీను గారూ, సుదీప్ శర్మ చేతిలోంచే వచ్చిన కొహ్రా కూడా చూడండి, మొదటి సీజన్ 2023లో వచ్చింది, ఆరే ఎపిసోడ్లు, పంజాబ్‌లో పెళ్లికొచ్చిన ఎన్నారై కుర్రాడి హత్య కేసు. అందులో బల్బీర్ సింగ్ పక్కన గరూండీ ఉంటాడు, బరున్ సోబ్తి. మీ అన్సారీ అంత మంచివాడు కాదు, చెయ్యి దురుసు, ఇంట్లో కూడా చెయ్యకూడని పని ఒకటి చేస్తుంటాడు. అయినా మీకు నచ్చుతాడని నా నమ్మకం. చూశాక ఇక్కడే రాయండి, నేను కొలంబో పక్కన పెట్టి మరీ వాదిస్తా.