కొత్త విమానానికి ఇంజన్ లావు, మోత తక్కువ. ఎలా?

మేడమీది అమ్మ: మా ఇల్లు శంషాబాద్ దగ్గర. వడియాలు పెట్టేవేళ విమానాలు నెత్తిమీదుగానే పోతాయి. పాత ఎయిర్‌బస్ ఏ320 వస్తే ఫోనులో మాట ఆపాలి. కొత్త ఇంజన్లతో వచ్చిన ఏ320 నియో వస్తే ఆ అవసరం లేదు. ఏది ఏదో మా అబ్బాయి ఫోను చూసి చెబుతాడు. కానీ నియో ఇంజన్ ఇంకా లావుగా ఉందే! లావైతే మోతా, ఇంధనం ఖర్చూ పెరగాలి కదా?

హ్యాంగర్ తాత: మంచి కన్నండీ మీది. 30 ఏళ్లు ఇంజన్ల కింద పని చేశాను. ఎడమ చెవి అక్కడే పోయింది. పాత ఏ320కి ఉండే సీఎఫ్ఎం56 ఇంజన్‌లో ముందుండే ఫ్యాను వ్యాసం 173 సెంటీమీటర్లు. నియోకు వచ్చే ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్‌ది 206. లోపలికి వెళ్లి మండే గాలి ఒక పాలైతే, మండకుండా చుట్టూ పోయేది పాతదాంట్లో సుమారు 6 పాళ్లు, ఇందులో 12. కొద్ది గాలిని విసిరికొట్టే బదులు ఎక్కువ గాలిని నిదానంగా నెడితే అదే తోపు తక్కువ ఇంధనంతో వస్తుంది. ధార వేగం తగ్గితే మోత ఇంకా ఎక్కువగా తగ్గుతుంది, అది వేగానికి ఎనిమిదో ఘాతంలో మారుతుంది మరి.

చిక్కల్లా ఫ్యానునూ, దాన్ని తిప్పే టర్బైన్‌నూ కలిపే ఇరుసుతోనే. మండిన గాలి తోపుకు తిరిగే టర్బైన్ వేగంగా తిరగాలంటుంది, పెద్ద ఫ్యాను నిదానం కోరుతుంది. అందుకే మధ్యలో గేర్‌బాక్సు పెట్టి ఫ్యాను వేగాన్ని మూడో వంతుకు దించారు. రెక్కల కొసలు ధ్వనివేగం దాటితే వచ్చే రంపపు కోతలాంటి మోత కూడా దాంతో తగ్గింది.

కిటికీ సీటు: తాతగారూ, అలాగైతే ఫ్యానును ఇంకా పెంచవచ్చు కదా?

హ్యాంగర్ తాత: నేలకు తగలదా నాయనా? బోయింగ్ 737 మ్యాక్స్ కాళ్లు పొట్టి. అందుకే దాని లీప్ ఇంజన్ ఫ్యాను 176 దగ్గర ఆగింది, నియోకు గేరుదానికి బదులు పెట్టే లీప్‌లో 198. పైగా ఫ్యాను చుట్టూ ఉండే తొడుగు పెరిగితే బరువూ, గాలి నిరోధమూ పెరిగి, ఆదా అయిన ఇంధనాన్ని అవే తినేస్తాయి. 2021లో ఇంజన్లు చేసే జీఈ, సాఫ్రాన్ కంపెనీలు ప్రకటించిన రైజ్ అనే కొత్త ఇంజన్ ప్రయత్నంలో ఆ తొడుగునే తీసేస్తున్నారు. 20 శాతానికి పైగా ఆదా లక్ష్యమట. కొంత మోతను మింగేది ఆ తొడుగే, అది లేకుండా ఎలా నెగ్గుకొస్తారో చూడాలి.

మేడమీది అమ్మ: నియోలో మీరు చెప్పిన గేరుది ఏది, లీప్ ఏది? ఎలా గుర్తుపట్టడం?

హ్యాంగర్ తాత: ఫ్యాను రెక్కలు లెక్కపెట్టండి. గేరుదానికి 20, లీప్‌కు 18. విమానం ఆగి ఉన్నప్పుడే లెండి.