అమ్మమ్మ ఇంటి అటక మీద సామాన్లకి గంపగుత్తగా 40 వేలు అంటున్నాడు, ఇచ్చేయమంటారా?

కందుకూరు పిల్ల:

అందరికీ నమస్తే. మాది కందుకూరు దగ్గర పల్లెటూరు. 2022లో నెల్లూరు జిల్లాలో కలిపారు గానీ మా నోటికి ఎప్పుడూ ప్రకాశమే వచ్చేది. అమ్మమ్మ పోయి రెండేళ్లయింది, పాత మిద్దె, మొన్నటి వానకి ఒక పక్క గోడ జారింది, వచ్చే నెల పడగొట్టించి కొత్తది కడతానంటున్నాడు మామయ్య. పోయిన ఆదివారం అటక ఎక్కి చూస్తే దుమ్ములో ఏమేం ఉన్నాయంటే, పెద్ద ఇత్తడి గంగాళం ఒకటి, బిందెలు నాలుగు, మరచెంబులు రెండు, కంచు గిన్నెలో ఇత్తడి గిన్నెలో తెలియనివి ఓ పది, చెక్కపెట్టె రేడియో (ముందు మర్ఫీ అని ఉంది, వెనక అట్ట లేదు), కుట్టు మిషను, తాతయ్య హెచ్‌ఎంటీ వాచీ, విబూది డబ్బాలో నాణేలు, గుడ్డలో చుట్టిన తాటాకుల కట్ట ఒకటి, ఊరగాయ జాడీలు మూడు.

ఊళ్లోకి పాతసామాన్ల అతను వచ్చాడు, పది నిమిషాలు చూసి మొత్తం కలిపి 40 వేలు, రేపే ఆటో తెస్తానన్నాడు. మామయ్యకి ఇచ్చేయాలని తొందర. మా అమ్మేమో గంగాళం ఒక్కటి ఉంచుకుందాం, దాంట్లోనే మాకు నీళ్లు కాచి పోసేవాళ్లు అంటుంది. నాకు ఇవేవీ తెలియవు, ఏది దాచాలి, ఏది అమ్మాలి, కాస్త చెప్పండి. అన్నీ శుభ్రంగా తోమి ఫొటోలు పెడతాను ఈ వారం.

ఒంగోలు ఇత్తడి:

తోమొద్దమ్మా! ముందు అది. చింతపండు, ముగ్గుపిండి, పీతాంబరి ఏదీ దగ్గరికి రానీయొద్దు. పొడిగుడ్డతో దుమ్ము దులిపి అట్టే ఉంచు.

ఎందుకు చెప్తున్నానంటే నేను పన్నెండేళ్ల కింద ఈ పిచ్చిలో పడ్డ కొత్తలో నెల్లూరు సంతపేటలో ఒక పాత ఇనప కొట్లో మరచెంబు దొరికింది, రైలు ప్రయాణాల్లో నీళ్లు తీసుకుపోయేవాళ్లే, మూత తిప్పి బిగించేది, అది. నల్లగా ఉందని పాలిష్ కొట్టుకి తీసుకుపోయి మిషన్ మీద పెట్టించా, అద్దంలాగా వచ్చింది, ఇంట్లో అందరికీ చూపించి మురిసిపోయా. నెల తర్వాత చెన్నై నుంచి వచ్చిన కొనేవాయన దాన్ని చేతిలోకి తీసుకుని మెడ కింద బొటనవేలు పెట్టి రాస్తా ఉన్నాడు, రాస్తా ఉన్నాడు, ఇక్కడ పేరుండాలే అన్నాడు. ఉండింది. పెళ్లిలో పెట్టిన సామాను మీద చుక్కచుక్కగా ఉలితో పొడిచి ఆడపిల్ల పేరు, ఊరు, ఒక్కోసారి సంవత్సరం కూడా కొట్టించేవాళ్లు. నా చెంబు మీద మిగిలింది ఒక అర సున్నా. పేరు పోయిన చెంబుకి ఆయన ఇచ్చింది తుక్కు ధర, అంతే.

కాబట్టి నీ గంగాళం అంచు కింద, బిందె మెడ మీద వెలుతురులో పక్కకి వంచి చూడు, సెల్‌ఫోన్ లైటు అడ్డంగా వేస్తే చుక్కలు కనిపిస్తాయి.

ఇక బేరం సంగతి. ఆ ఇత్తడంతా కలిపి ఎంత లేదన్నా 50 కిలోలు తూగుతుంది, కేజీ తుక్కు రేటు ఒంగోల్లోనో కందుకూర్లోనో రెండు కొట్లలో అడిగి లెక్కేసుకో, ఆయన చెప్పిన దాంట్లో సగం పైన అక్కడే వస్తుంది. మిగతావన్నీ ఆయనకి ఊరకే వచ్చినట్టు. గంపగుత్త అంటేనే అది, పది వస్తువుల్లో ఆయన కన్ను ఒక్కదాని మీదే ఉంటుంది, ఆ ఒక్కదాన్ని ముట్టుకోను కూడా ముట్టుకోడు. ఆయన దేన్ని చూడలేదో గుర్తు తెచ్చుకో.

కంచుకి ఇత్తడికి తేడా చెప్తా. గిన్నెని అరచేతిలో పెట్టుకుని వేలి గోటితో కొట్టు. కంచు గుడిగంటలాగా చాలాసేపు మోగుతుంది, ఇత్తడి టక్కుమని ఆగిపోతుంది. కంచు రాగి తగరం కలిపింది, ఇత్తడి రాగి జింకు కలిపింది, తగరం ఖరీదెక్కువ. అందుకే కాటా దగ్గర కంచుని ఇత్తడిలో కలిపేసి తూస్తారు. విడిగా పెట్టు. అయస్కాంతం ఒకటి జేబులో పెట్టుకో, అతుక్కుంటే పైన పూత, లోపల ఇనుము.

మీ అమ్మగారి మాట విను, గంగాళం ఇవ్వొద్దు. స్టీలు కొత్తగా వచ్చిన రోజుల్లో మా అమ్మ ఇట్టాంటి గంగాళమే ఇచ్చి స్టీలు క్యారియరు, ఆరు గ్లాసులు తీసుకుంది, ఆ గ్లాసులు ఇప్పటికీ ఉన్నాయి, చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

కావలి కుర్రోడు:

అక్కా నాణేలు చెప్పలేదు సరిగా. 1947 రూపాయి ఉంటే 5 లక్షలంట, యూట్యూబ్‌లో చూశా. మా ఇంట్లో ట్రాక్టరు బొమ్మ అయిదు రూపాయల నోటు కూడా ఉంది, ఎవరికి అమ్మాలి?

పెన్నా ఒడ్డు, నెల్లూరు:

తమ్ముడూ, ఆ వీడియో కింద ఉన్న నంబరుకి ఫోన్ చేయకు. చేస్తే లక్షలు ఇస్తాం అంటారు, ముందు జీఎస్టీ అని ఒక రెండు వేలు, తర్వాత కొరియర్ అని, తర్వాత రిజర్వు బ్యాంకు అనుమతి అని. ఇట్టాంటి మోసాల గురించి 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే హెచ్చరిక ఇచ్చింది, మా పేరుతో కమీషన్లు అడిగితే నమ్మొద్దని. అసలు 1947 రూపాయి నికెల్‌ది, వెండి కాదు, అయస్కాంతానికి టక్కున అతుక్కుంటుంది, చూసుకో.

కందుకూరు అమ్మాయికి: నాణేల మీద సంవత్సరం చూడండి. బ్రిటిష్ రూపాయి 1939 దాకా ఉన్నవి నూటికి 91.7 పాళ్లు వెండి, బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా తులం. పాత రోజుల్లో తూకానికి రూపాయి బిళ్లే వేసేవాళ్లు. ఒక్కోదాంట్లో 10.7 గ్రాముల దాకా వెండి ఉంటుంది, ఆ రోజు వెండి ధరతో గుణించుకుంటే దానికి తక్కువ ఎవరికీ ఇవ్వక్కర్లేదు. 1940 నుంచి సగం వెండే, 1945 దాకా.

1911 సంవత్సరం, అయిదో జార్జి బొమ్మ ఉంటే పక్కన పెట్టండి. రాజుగారి అంగీ మీద ఏనుగు బొమ్మ చూడ్డానికి పందిలాగా ఉందని గొడవైతే, ఇంకా జనంలోకి పోని వాటిని ఆపేసి కరిగించేశారు. అందుకే దానికి అడిగేవాళ్లు ఉన్నారు.

రాముడి పట్టాభిషేకమో, హనుమంతుడో ఉండి వెనక 1818 ఈస్ట్ ఇండియా కంపెనీ అర్ధణా అని రాసిన రాగి బిళ్ల కూడా ఉండొచ్చు, దాదాపు ప్రతి ఇంట్లో ఒకటుంటుంది. అది నాణెం కాదు, తర్వాతెవరో కొట్టి అమ్మినది, దేవుడి గూట్లో పెట్టుకోండి. నాణేలు కూడా తోమొద్దు, అంచు పట్టుకుని తీయండి.

రైసు పుల్లింగు బాధితుడు:

చెంబుల మాటొచ్చింది కాబట్టి చెప్తున్నా. పాత రాగి చెంబు బియ్యాన్ని లాగుతుంది, పిడుగు పడి ఇరిడియం అయ్యింది, కోట్లు ఇస్తామని ఎవరైనా వస్తే తలుపేసేయండి. నేను టెస్టింగు ఫీజు అని, సైంటిస్టుకి ప్రత్యేకమైన సూటు అని లక్షా ఎనభై వేలు కట్టాను. బియ్యానికి ముందే ఇనుప రజను పట్టించి ఉంటారు, చెంబులో అయస్కాంతం. ఇంతకు మించి రాయను, ఇంట్లో వాళ్లు చూస్తారు.

వాల్వు మాస్టారు, నెల్లూరు:

అమ్మా, ఆ మర్ఫీ రేడియో పని చేస్తుందో లేదో చూద్దామని ప్లగ్గు పెట్టేవు, పెట్టొద్దు. నేను నలభై ఏళ్లు రిపేర్లు చేశాను. వాల్వు సెట్లలో, అంటే ట్రాన్సిస్టర్లు రాకముందు గాజు గొట్టాలతో నడిచిన రేడియోల్లో, పాత పేపరు కండెన్సర్లు కారిపోయి ఉంటాయి, నేరుగా 230 ఓల్టులు ఇస్తే ముందు అవి పొగొస్తాయి, తర్వాత ట్రాన్స్‌ఫార్మరు పోతుంది, అది పోతే ఇక ఆ సెట్టు బొమ్మే. కొన్ని మోడళ్లలో అయితే లోపలి రేకుకే కరెంటు వస్తుంది, వెనక అట్ట లేదంటున్నావు, పిల్లలుంటే మరీ జాగ్రత్త. మేమైతే 60 వాట్ల పాత బల్బు సిరీస్‌లో పెట్టి ఇస్తాం. బల్బు నిండుగా వెలిగితే లోపల షార్టు, ఒక్కసారి వెలిగి మసకబారితే సెట్టు మీద ఆశ ఉన్నట్టు.

లోపల ఎలుకలు గూడు పెట్టి ఉంటే వైర్లు కొరికేసి ఉంటాయి, వాల్వులు మాత్రం ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి ఫొటో పెట్టు. ముందు గాజు స్కేలు పగలకుండా ఉంటే, నాబులు నాలుగూ ఉంటే మోగకపోయినా కొంటారు. ఇంకొకటి, రేడియో పెట్టుకోవాలంటే పోస్టాఫీసులో లైసెన్సు కట్టాల్సిన కాలం అది, ఆ పుస్తకం ఎక్కడో ట్రంకు పెట్టెలో ఉంటుంది, వెతుకు. సెట్టు పక్కన అది ఉంటే అందం వేరు.

పాత టీవీల్లో, రేడియోల్లో రెడ్ మెర్క్యురీ ఉంది, ఇంత ఇస్తాం అని ఎవడైనా వస్తే పై ఆయన చెప్పినట్టే తలుపేసెయ్. అట్టాంటిది ఏదీ లేదు, నేను వేల సెట్లు విప్పాను.

గుజిరీ, ట్రంకు రోడ్డు:

నేను కొని అమ్మేవాణ్ణి, చేదుగా ఉన్నా చెప్తా. పాత కుట్టు మిషను ఇంటికొకటి ఉంది, లక్షలు రావు, నడిచే స్థితిలో ఉంటే వీధిలో టైలరుకే ఇచ్చేయండి, ఇనప కాళ్లు మాత్రం ఉంచండి, పైన గ్రానైటు పలక వేసి టేబులు చేయించుకునే హోటళ్లున్నాయి, మనకి చీమకుర్తి పక్కనే.

హెచ్‌ఎంటీ వాచీ ఏ మోడలు? జనతా, పైలట్ అడుగుతున్నారు, 2016లో ఆ వాచీల కంపెనీ మూసేయాలని కేంద్రం నిర్ణయించాక మోజు ఇంకా పెరిగింది. కానీ ఆన్‌లైన్‌లో ఎర్ర డయలు, పచ్చ డయలు అని మెరిసేవన్నీ పాత మిషన్ మీద కొత్తగా రంగేసినవి. అక్షరాలు లావుగా, ఉబ్బినట్టు ఉంటాయి. మీది తాతగారిది అంటున్నారు కాబట్టి డయలు అసలుదే అయి ఉంటుంది, పసుపు పట్టినా సరే మార్పించొద్దు, అద్దం గీతలు పడినా సరే. సర్వీసు మాత్రం చేయించుకుని కట్టుకోండి, అమ్మితే వచ్చేది పెద్దగా ఏం లేదు.

ఇంకో మాట ఎవరూ అడగలేదు, తలుపులు ఎట్టాంటివి? పాత మిద్దె అంటున్నారు, ద్వారబంధాలు, దూలాలు టేకువైతే మీ అటక మొత్తం కంటే అవే ఎక్కువ. పడగొట్టే కాంట్రాక్టరు ‘కలప నేనే తీసుకుపోతా, కూలీ తగ్గిస్తా’ అన్నాడంటే అదే కారణం. మామూలు కలపకి ఘనపుటడుగు లెక్క, చెక్కిన గుమ్మాన్ని మాత్రం కోయించకుండా మొత్తంగా అమ్మాలి. తమిళనాడులో కారైక్కుడి వీధుల్లో ఇట్టాంటివి వరసగా నిలబెట్టి ఉంటాయి, అక్కడ అడిగే ధర చూసి నేను నోరు తెరిచా. మన దగ్గర మాత్రం సగం పొయ్యిలోకి పోతున్నాయి.

పలకా బలపం, మార్కాపురం:

నేను రిటైర్డ్ తెలుగు పండితుణ్ణి. తాటాకుల కట్ట గురించి ఎవరూ మాట్లాడకపోవడం చూసి రాస్తున్నాను. అమ్మా, అంటుకుపోయిన ఆకుల్ని గోటితో విడదీయకండి, విరుగుతాయి. తడి తగలనీయకండి, ఏ నూనే రాయకండి, తెలిసినవాళ్లు నిమ్మగడ్డి నూనె వాడతారు, అది వాళ్ల పని. ఎండలో అసలు పెట్టొద్దు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాచ్య పరిశోధన సంస్థ ఉంది, అక్కడ తాళపత్రాలు భద్రపరుస్తారు, రెండు మూడు ఆకుల ఫొటోలు తీసి పట్టుకెళ్లి చూపించండి. అది జాతకాల కట్టో, వైద్యమో, భారతమో చదివితే గానీ తెలియదు.

75 ఏళ్లు దాటిన రాతప్రతులు, 100 ఏళ్లు దాటిన విగ్రహాలు, కళావస్తువులు 1972 చట్టం కింద పురావస్తువులు. ఇంట్లో ఉంచుకోవచ్చు, విగ్రహాల్లాంటివైతే రిజిస్టరు చేయించుకోవాలి, దేశం దాటించకూడదు, వ్యాపారంగా అమ్మాలంటే లైసెన్సు కావాలి. దేవుడి గదిలో పాత పంచలోహ విగ్రహం ఉంటే పాతసామాన్ల అతనికి చూపించను కూడా చూపించకండి.

మీ మామయ్యగారికి ఇంకొకటి చెప్పండి, కొత్త పునాదులు తవ్వేటప్పుడు భూమిలో ఏదైనా బయటపడితే, 10 రూపాయలకు మించిన విలువైతే చాలు, కలెక్టరుకి తెలపాలి. 1878 నాటి చట్టం. ఆ రోజుల్లో 10 రూపాయలంటే చాలా ఎక్కువ, అంకె ఇంకా అదే ఉంది.

కందుకూరు పిల్ల:

అందరికీ చాలా థాంక్స్. ఆలస్యంగా రాస్తున్నా, ఇంట్లో పెద్ద రభస అయింది. ఆటో వచ్చేసింది, మామయ్య బిందెలు ఎక్కిస్తున్నాడు, నేనూ అమ్మా ఆపాం. ఒంగోలు అన్న చెప్పినట్టు గంగాళాన్ని పక్కకి వంచి ఫోన్ లైటు వేస్తే అంచు కింద చుక్కల్లో ‘చెంచమ్మ’ అని వచ్చింది, మా అమ్మమ్మ వాళ్ల అమ్మ పేరు. మామయ్య కూడా కూర్చుని వేలితో తడిమి చూసి, ఇంక దాన్ని నేనే ఉంచుకుంటా అంటున్నాడు. ఇప్పుడు అమ్మకీ ఆయనకీ గొడవ.

మిగతావి విడివిడిగా తూయించాం. కంచు గిన్నెలు నాలుగు తేలాయి, మోత వినగానే పాతసామాన్ల అతని ముఖం మారింది. ఆయన పది నిమిషాల్లో ఒక్కసారి కూడా చూడనిది ఏంటా అని గుర్తు చేసుకుంటే, తాటాకులూ కాదు, రేడియో కాదు, నడవ గుమ్మం! దాని పక్కనే నిలబడి మాట్లాడాడు. పైన చిలకలు చెక్కి ఉన్నాయి, సున్నం పూతల కింద. కాంట్రాక్టరు నిజంగానే కలప నాకే అన్నాడట మామయ్యతో. ఇప్పుడు కొత్త ఇంటికే దాన్ని పెట్టిస్తాడట.

నాణేల్లో 1918 రూపాయలు రెండు, 1940 ఒకటి, మిగతా కాణీలు, ఒక రాముడి బిళ్ల (ఉంది సార్, మా ఇంట్లో కూడా!). తాటాకులు తీసుకుని వచ్చే శనివారం తిరుపతి వెళ్తున్నాం.

ఒక్క డౌటు మిగిలింది. జాడీల్లో పెద్దదాంట్లో ఏళ్లనాటి మాగాయ వాసన పోవడం లేదు, వేడినీళ్లు పోసినా, ఎండలో పెట్టినా. కొంటానన్నావిడ వాసన పోతే తీసుకుంటానంది. ఏం చేయమంటారు?

ఒంగోలు ఇత్తడి:

ఆమెకి అమ్మొద్దు. మాగాయ పెట్టు.