కాళ్లకు చుట్టినవి ‘పుట్టీలు’ కాదండీ, పట్టీలే

ప్రశ్న: మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో ఫ్రాన్స్‌లో ఉన్న మన సిపాయిల ఫొటోలకు తెలుగులో వివరాలు రాస్తున్నాను. మోకాలి కింద చుట్టుకున్న గుడ్డను ‘పుట్టీ’ అనొచ్చా? తుపాకి చివర ఉన్నది ‘బాకు’ అంటే సరిపోతుందా?

జవాబు: ‘పుట్టీ’ మాత్రం వద్దండీ. ఆ మాట వింటే ఎవరికైనా గోడకు పూసే పుట్టీయే గుర్తొస్తుంది. నిజానికి ఇది ఇక్కణ్ణుంచి వెళ్లిన మాటే. హిందీ ‘పట్టీ’ని ఇంగ్లీషువాళ్లు తమ స్పెల్లింగులో రాసుకున్నారు. దాన్ని మనం మళ్లీ అక్షరాలు కూడబలుక్కుని చదివితే పుట్టీ అయింది. గాయానికి కట్టే పట్టీ కూడా ఆ మాటే. చిక్కల్లా, ‘కాళ్లకు పట్టీలు’ అంటే మనకు వెండి పట్టీలు. అందుకే నేనైతే ‘పిక్కలకు చుట్టిన పట్టీలు’ అని రాస్తాను.

ఫొటోలో పట్టీ చివరి నాడా ఎక్కడ కట్టారో కూడా చూడండి. కాల్బలం వాళ్లు చీలమండ నుంచి పైకి చుట్టి మోకాలి కింద ముడేసేవారు. గుర్రపు దళం వాళ్లు పైనుంచి కిందికి చుట్టి చీలమండ దగ్గర కట్టేవారు. మనిషి ఏ దళమో చెప్పడానికి ఆ ముడి మంచి ఆనవాలు.

ఇక బాకు. బాకు అంటే చేతిలో ఇమిడే చిన్న ఆయుధం. అప్పటి బ్రిటిష్ సైన్యపు లీ ఎన్‌ఫీల్డ్ తుపాకికి వాడిన 1907 నమూనా కత్తి అలుగే 17 అంగుళాలు! తుపాకికి పెడితే మొత్తం 5 అడుగులు దాటుతుంది. మొదటిసారి ‘తుపాకి మొనకు బిగించిన కత్తి’ అని, ఆపైన బయొనెట్ అని రాయండి. హిందీ, ఉర్దూల్లో సంగీన్ అంటారు గానీ మన పాఠకులకు అది అంతగా తెలియదు.

ప్రశ్న: ‘తొడిగిన’ అనకూడదా అండీ?

జవాబు: 1857 నాటి తుపాకులకైతే అదే సరైన మాట. అప్పటి బయొనెట్‌కు గొట్టం ఉండేది, దాన్ని తుపాకి గొట్టం మీదికి తొడిగేవారు. 1907 నాటిదానికి పిడి ఉంది, పిడి చివర గాడి ఉంది. అది తుపాకి మూతి కింద బిగుసుకుంటుంది. కాబట్టి ‘బిగించిన’. బిగించనప్పుడు ఎడమ తుంటి దగ్గర వేలాడుతూ కనిపించేది దాని ఒర. దానికి మాత్రం వేరే మాట వెతకనక్కర్లేదు.