ప్రోగ్రెసివ్ అద్దాలు వాడేవాళ్లకు ఫోన్ ఏ ఎత్తులో పట్టుకోమంటున్నారు?

ఫిజియోథెరపిస్టులు, ఆప్టోమెట్రిస్టులు దయచేసి చెప్పండి.

మెడనొప్పికి మనమంతా ఇచ్చే మొదటి సలహా, ఫోన్‌ను కళ్ల ఎత్తుకు తెచ్చుకోమని. తల బరువు సుమారు 5 కిలోలు. 60 డిగ్రీలు వంచితే మెడ మీద భారం 27 కిలోలకు చేరుతుందని 2014లో అమెరికా వెన్నెముక సర్జన్ కెన్నెత్ హన్స్‌రాజ్ లెక్కగట్టారు. అది కంప్యూటర్ నమూనా లెక్కే, మనుషుల మీద కొలిచింది కాదు. అయినా వంపు తగ్గించడం మంచిదే.

చిక్కల్లా 45 ఏళ్లు దాటినవాళ్లతోనే. దూరం చూపు, దగ్గరి చూపు రెండూ ఒకే అద్దంలో ఉండే బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాల్లో దగ్గరి చూపు భాగం కింద ఉంటుంది. ఫోన్ పైకి లేపగానే అక్షరాలు మసకబారతాయి, గడ్డం ఎత్తి మెడ ముందుకు చాస్తారు. దాంతో పుర్రె కింది చిన్న కండరాలు బిగుసుకుని తల వెనక నొప్పి మొదలవుతుంది. గడ్డం వెనక్కి లాగే వ్యాయామం (5 సెకన్లు పట్టి ఉంచి, 10 సార్లు) నేర్పినా, ఫోన్ చేతికి రాగానే మళ్లీ అదే భంగిమ. చాలామంది గడ్డాన్ని వెనక్కి లాగకుండా కిందికి వంచేస్తారు కూడా.

ప్రస్తుతానికి ఛాతీ ఎత్తున, 40 సెంటీమీటర్ల దూరంలో, మోచేతుల కింద దిండుతో, అక్షరాల సైజు పెంచి చూడమంటున్నాను. దగ్గరి చూపుకు విడిగా సింగిల్ విజన్ అద్దాలు (అద్దమంతా ఒకే పవర్ ఉండేవి) ఇస్తే మెడకు తేడా కనిపించిందా? తల ఎంత వంపు దాకా ఫరవాలేదంటున్నారు? చేతుల్లో తిమ్మిరి, పట్టు తగ్గడం ఉన్నవాళ్ల గురించి అడగడం లేదు. వాళ్లను నేరుగా డాక్టర్ దగ్గరికే పంపుతున్నాను.