లండన్ పార్లమెంటు పాత ఫొటో: ఏ కాలంది, ఎలా దాచాలి?

ప్రశ్న (తిరుపతి): థేమ్స్ ఒడ్డు పార్లమెంటు భవనం ఫొటో, అట్టకు అంటించి ఉంది. గోధుమరంగు, తెల్లభాగాలు పసుపెక్కాయి. ఏ కాలందో ఎలా తెలుస్తుంది? ఫ్రేం కట్టించొచ్చా?

జవాబు 1: ముందు 30 రెట్ల భూతద్దంతో చూడన్నా. వరసగా చుక్కలు కనిపిస్తే ప్రెస్సులో అచ్చయిన బొమ్మే, ఆశ వదులుకో. మెరుపు పొర కింద కాగితం నారలు, సన్నటి పగుళ్లు కనిపిస్తే ఆల్బుమెన్ ప్రింటు, అంటే కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం. 1850లో వచ్చింది, 1890ల దాకా బాగా నడిచింది. పసుపెక్కడం దాని లక్షణమే. పార్లమెంటు పక్కనుండే ఏడు ఆర్చీల వెస్ట్‌మిన్‌స్టర్ వంతెన పూర్తిగా కనిపిస్తే 1862 తర్వాతది. కానీ అది నెగెటివ్, అంటే కెమెరాలో తీసిన అసలు ప్లేటు లెక్క. ప్రింటు చాలా ఆలస్యంగా తీసి ఉండొచ్చు.

జవాబు 2: తడిగుడ్డ పెట్టొద్దు సార్, సొన పొర ఉబ్బి ఆరేటప్పుడు ఇంకా చీలుతుంది. అట్ట నుంచి ఊడదీయొద్దు. కాగితం పల్చన, చుట్టుకుపోతుంది. లామినేషన్ మాటే వద్దు. మౌంటుకి, అంటే ఫ్రేములో ఫొటోకి ఆసరాగా పెట్టే అట్టకి, ఆమ్లం లేని, సుద్ద కలపని కాటన్ బోర్డు అడగండి. మూలలకు కాగితపు కార్నర్లు, గమ్ము వద్దు. అద్దానికీ ఫొటోకీ మధ్య 2–3 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి.

జవాబు 3: ఫ్రేములోళ్లు చెప్పకుంటే వెనక హార్డ్‌బోర్డే వేస్తారు, దాని ఆమ్లంతోనే మచ్చలు. మన అక్టోబరు, నవంబరు వానలకు బయటి గోడ చెమ్మెక్కుతుంది, లోపలి గోడకే తగిలించండి. ఇంకా మేలు: స్కాన్ కాపీ గోడకు, అసలుది పెట్టెలో.