మధ్యాహ్నం పూటే ఏసీ ఎంసీబీ పడిపోతోంది, ముందు ఏం చూపించాలి?

అందరికీ నమస్కారం. మాది విజయవాడ. మేడ మీద గదిలో 1.5 టన్నుల స్ప్లిట్ ఏసీ ఉంది, ఇన్వర్టర్ రకం కాదు. పొద్దున, రాత్రి బాగానే నడుస్తుంది. ఎండ ముదిరాక మాత్రం పావుగంటో ఇరవై నిమిషాలో చల్లబరిచి, టప్పుమని ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆపేసే స్విచ్చు) పడిపోతుంది. వెంటనే పైకెత్తితే, కంప్రెసర్ అందుకోబోయేసరికి బయట యూనిట్ గుంయ్‌మని మూలిగి మళ్లీ ట్రిప్. అరగంట ఆగి వేస్తే మామూలే. ఫ్యాన్ మోడ్‌లో ఎంతసేపున్నా ఏమీ కాదు.

ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చు) ఒక్కసారీ పడలేదు, కాబట్టి ఎర్త్ లీకేజీ కాదనుకుంటున్నా. ఎంసీబీ సీ20 రకం, అంటే 20 ఆంప్స్‌ది. ముట్టుకుంటే వేడిగా ఉంది, కింది స్క్రూ దగ్గర వైరు తొడుగు కాస్త గోధుమరంగుకు తిరిగింది. ఆ టైములో స్టెబిలైజర్ ఇన్‌పుట్ 185 వోల్టులకు దిగుతోంది.

ఏసీ మెకానిక్ మూత కూడా విప్పకుండా గ్యాస్ నింపాలన్నాడు. గ్యాస్ తగ్గితే కరెంటు తక్కువే లాగాలి కదా? ఎలక్ట్రీషియనేమో 32 ఆంప్స్ ఎంసీబీ వేసేద్దాం అంటాడు. గోడలో ఉన్నది 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు. రేపు వైరు కాలితే ఎవరిది పూచీ? వద్దన్నాను.

కంప్రెసర్ మోటారు తిరగడానికి సాయపడే రన్ కెపాసిటర్ బలహీనపడిందా, బయట యూనిట్‌లో వేడిని వదిలే కండెన్సర్‌కు దుమ్ము పట్టిందా, లేక లూజు కనెక్షన్ వల్ల ఎంసీబీయే వేడెక్కి పడుతోందా? క్లాంప్ మీటరు (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) పెట్టిస్తే ఎన్ని ఆంప్స్ దాటితే అనుమానించాలి? తెలిసినవాళ్లు చెప్పండి. ఇంట్లో పసిబిడ్డ ఉంది, ఆ గోధుమరంగు వైరు చూస్తుంటే టెన్షన్‌గా ఉంది. ప్రస్తుతానికి ఏసీ ఆపేశాం.